మిల్లు చెవులకి ఓ జేబు పెట్టె

ఇంజనీరింగ్ కాలేజీల వాళ్ళు ఈ మధ్య నన్ను పిలిచి, శాలువా కప్పి, "ఓపెన్ సోర్స్ హార్డ్‌వేర్ అంటే ఏమిటో మా పిల్లలకి ఒక గంట చెప్పండి సార్" అంటున్నారు. గంట ఎందుకో నాకు అర్థం కాదు. ఒక వస్తువు తయారుచేశావు. దాని సర్క్యూట్ గీత, సామాన్ల జాబితా, బోర్డు ఫైలు, ఎలా బిగించాలో, ఎలా పరీక్షించాలో, అన్నీ అడిగినవాడికీ అడగనివాడికీ కూడా ఇచ్చేశావు. ఎవరైనా చేసుకోవచ్చు, మార్చుకోవచ్చు, అమ్ముకోవచ్చు. ఒక్కటే షరతు, వాళ్ళు చేసిన మార్పుని వాళ్ళూ దాచుకోకూడదు. ఇంతే సంగతి. చెప్పడానికి రెండు నిమిషాలు పడుతుంది. మిగతా యాభై ఎనిమిది నిమిషాలూ ప్రిన్సిపాలుగారి ఫోటోల కోసం.

ఆ రెండు నిమిషాల సంగతిని పాటించడం నేర్చుకోవడానికి మాత్రం నాకు జీవితంలో ఎక్కువ భాగం పట్టింది. ఈ పనిలోకి కొత్తగా వస్తున్నవాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. నాకొచ్చిన ప్రశంసాపత్రాల గురించి రాయను. అవి అటక మీద ఉన్నాయి, ఎలకలు చదువుకుంటున్నాయి.

నేను భిలాయి క్యాంప్ 1లో పుట్టినవాడిని. మా నాన్న ఉక్కు ప్లాంటు కట్టే రోజుల్లో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి, సిమెంటు మోసి, తరవాత ఫిట్టరయ్యాడు. నేను ఐటీఐ చదివి, ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక ప్రైవేటు రోలింగ్ మిల్లులో ఎలక్ట్రీషియన్‌గా చేరాను. ఆ మిల్లు ఇప్పుడు లేదు కాబట్టి పేరు చెప్పే అవసరమూ లేదు. నా ఇంటిపేరులోనూ రావు లేదు, ఒంటిపేరులోనూ రావు లేదు. అయినా ఇక్కడి హిందీవాళ్ళకి తెలుగువాడు ఎవడైనా రావ్ సాబే. ఉద్యోగమంతా ఆ పేరుకే పలికాను.

గీకేసిన చిప్పు

మా మిల్లులో ఎర్రగా కాలిన కడ్డీలని రోలర్ల మధ్య నుంచి నడిపించే మోటార్లు ఉండేవి. వాటి వేగాన్ని అదుపులో పెట్టే పెట్టె ఒకటి బయటి కంపెనీది. అది ఆగితే మిల్లంతా ఆగేది. మూత విప్పి చూస్తే లోపల చిప్పుల మీద అక్షరాలన్నీ గరుకుకాగితంతో గీకేసి ఉన్నాయి. ఏ చిప్పో తెలిస్తే ఎవడైనా బాగుచేసుకుంటాడని ఆ కంపెనీ భయం. పెట్టె ఆగినప్పుడల్లా వాళ్ళ మనిషి రైలెక్కి రావాలి. ఆయన వచ్చేదాకా మేం బీడీలు కాల్చుకుంటూ కూర్చునేవాళ్ళం.

ఆ పెట్టెతో వచ్చిన పుస్తకం మా మేనేజరు దగ్గర ఉండేది. ఆయన దాన్ని బీరువాలో పెట్టి, తాళంచెవి జంధ్యానికి కట్టుకునేవాడు. ఆ పుస్తకంలో సర్క్యూట్ అన్నదే లేదనీ, మెరిసే కాగితం మీద కంపెనీ భవనం ఫోటో, స్విచ్ ఎలా వెయ్యాలో చెప్పే రెండు పేజీలు మాత్రమే ఉన్నాయనీ ఆయన రిటైరయ్యాక తెలిసింది. అన్నేళ్ళూ ఆయన కంటికి రెప్పలా కాపాడింది ఆ భవనం ఫోటోని.

నేను టీ విరామాల్లో మీటరు పట్టుకుని ఆ బోర్డు మీద ఒక్కొక్క దారినీ వెతుక్కుంటూ పోయాను. వారాలు పట్టింది. చివరికి ఆ మహారహస్యమైన చిప్పు పక్క ఊరు దుర్గ్ బజారులో ఏ రేడియో దుకాణంలో అడిగినా ఇచ్చేదేనని తేలింది. సర్క్యూట్ మొత్తం ఒక లాగ్ షీటు వెనక గీసి, ప్యానెల్ తలుపు లోపలివైపు అతికించాను. తరవాతిసారి పెట్టె ఆగినప్పుడు నేను సెలవులో ఉన్నాను. వేరే షిఫ్టు ఎలక్ట్రీషియన్ ఆ కాగితం చూసి తనే బాగుచేసుకున్నాడు. మిల్లు ఒక పూట కూడా ఆగలేదు.

మేనేజరు నన్ను పిలిపించాడు. మెచ్చుకుంటాడనుకుని జుట్టు దువ్వుకుని మరీ వెళ్ళాను.

"రావ్, తూనే అప్నీ కుర్సీ ఖుద్ కాట్ దీ," అన్నాడాయన జాలిగా. నా కుర్చీ నేనే కోసేసుకున్నానట. అందరికీ తెలిసిపోతే ఇంక నన్ను ఎవరు పిలుస్తారని ఆయన బాధ.

ఆ మధ్యాహ్నమే కాగితం చింపించేశాడు. నేను ఇంకోటి గీసి అతికించాను. మళ్ళీ చింపించాడు. నాలుగోసారికి ఆయనకే విసుగొచ్చి వదిలేశాడు. ఆయన చెడ్డవాడు కాదు, విశ్వకర్మ పూజనాడు అందరికీ తన చేత్తో లడ్డూలు పంచేవాడు. తనకి తెలిసింది పక్కవాడికి తెలిస్తే తన విలువ పోతుందని నమ్మేవాడు, అంతే. మీ మొదటి బాసు కూడా అలాంటివాడే అవుతాడు. అలాంటివాడి దగ్గర పని ఉంటే నేర్చుకోండి, బుద్ధి మాత్రం నేర్చుకోకండి.

స్టిక్కరు భక్తులు

మిల్లు మూతపడ్డాక భిలాయిలోనే రుఆబాంధాలో మా ఇంటి ముందుగదిలో ఒక బల్ల వేసుకుని చిన్న చిన్న పరికరాలు చెయ్యడం, వాటి గీతలన్నీ ఇంటర్నెట్‌లో పెట్టడం మొదలుపెట్టాను. అప్పుడే తెలిసింది, ఈ ఓపెన్ అనేదానికి ఒక మఠం ఉందనీ, దానికి భక్తులున్నారనీ. ల్యాప్‌టాప్ నిండా స్టిక్కర్లు, మెడలో బిళ్ళలు, ఏటా రెండు సభలు. ఒక సభలో ఒకాయన తను చేసిన గాలి కాలుష్యం కొలిచే పెట్టె గురించి నలభై నిమిషాలు మాట్లాడాడు. జ్ఞానం అందరిదీ అన్నాడు. నాకే కళ్ళు చెమర్చాయి. ఇంటికొచ్చి ఆయన పేజీ తెరిచాను. బోర్డు ఫైలు లేదు, సామాన్ల జాబితా లేదు. సర్క్యూట్ ఫోటో ఒకటుంది, అదీ మసకగా. పులిహోర ఫోటో పెట్టి వంట నేర్పేశానన్నట్టుంది. ఫైళ్ళు ఇమ్మని రాస్తే "కమింగ్ సూన్ సార్" అన్నాడు. ఇంకా వస్తూనే ఉన్నాయి.

అటుపక్క ఇంకో రకం. పైట్యాంకు నిండగానే మోటారు ఆపేసే చిన్న పెట్టె నేను చేసి ఊరి మీదికి వదిలాను. ఇండస్ట్రియల్ ఏరియాలో ఒక వ్యాపారి దాన్ని యథాతథంగా చేయించి, తన పేరు అంటించి అమ్ముతున్నాడు. నన్ను పరామర్శించడానికి జనం వచ్చారు. మీ బుర్ర దోచేశాడండీ అన్నారు. కాపీ కొట్టమనే కదయ్యా నేను ఇచ్చింది అంటే, పాపం ముసలాడికి మతి పోయిందన్నట్టు చూశారు. ఒకటి కొని మూత విప్పాను. చిప్పు మీద అక్షరాలు గీకేసి ఉన్నాయి. అప్పుడు మాత్రం ఒళ్ళు మండి ఆ వ్యాపారి దగ్గరికి వెళ్ళాను.

"అమ్ముకో భయ్యా, నాకేం బాధ లేదు. చిప్పు ఎందుకు గీకావు? దాని పేరు నేనే లోకమంతా చాటాను కదా," అన్నాను.

"సబ్ ఐసా హీ కర్తే హైఁ రావ్ సాబ్," అన్నాడు. అందరూ అలాగే చేస్తారట. చాయ్ కూడా తెప్పించాడు.

వీళ్ళందరినీ చూసి నాకు లోలోపల చాలా గర్వంగా ఉండేది. నేను మసక ఫోటోలు పెట్టను, అక్షరాలు గీకను, ఏదీ దాచను. ఈ దేశంలో ఈ పనిని నిజాయితీగా చేస్తున్నది నేనొక్కడినేనని అనుకునేవాడిని. అలా అనుకునేవాడు ఎలాంటి తప్పు చేస్తాడో ఇప్పుడు చెప్తాను.

బావ చెవులు

మా మిల్లులోనే రోలర్ల దగ్గర పనిచేసిన అప్పలస్వామి నాకు బావ వరస. క్యాంప్ 1లో ఉంటాడు. భార్య వరాలమ్మ నాకు అక్క వరస, మా వైపు మాటలో అప్పా అంటాను. రోలర్ల దగ్గర ముప్ఫై ఏళ్ళు నిలబడ్డవాడికి పింఛను వచ్చినా రాకపోయినా చెవుడు తప్పకుండా వస్తుంది. బావకి చప్పుడు వినబడుతుంది గానీ మాట తెలియదు. డాక్టరు పరీక్ష చేసి గ్రాఫు ఇచ్చాడు. లావు ధ్వనుల దగ్గర గీత బాగానే ఉండి, సన్నని ధ్వనుల దగ్గరికి వచ్చేసరికి నూతిలోకి దిగినట్టు దిగిపోయింది. ఆడవాళ్ళ గొంతు, పిల్లల గొంతు, సకారాలు, తకారాలు అన్నీ ఆ నూతిలోనే పడిపోతాయి.

ఒక కంపెనీ చెవిమిషన్ కొన్నాడు. అది ఈల వేసేది. సరిచెయ్యాలంటే ఆ కంపెనీ కేబులే కావాలి, ఆ కంపెనీ సాఫ్ట్‌వేరే కావాలి. రెండేళ్ళు తిరిగేసరికి కంపెనీ సాఫ్ట్‌వేర్ మార్చేసింది, పాత మిషన్‌ని ఇంక ముట్టుకోనంది. పాడవలేదు, తెగలేదు, విరగలేదు. మంచి మిషన్ వరాలమ్మ గాజుల డబ్బాలో పడుకుంది. మనిషి చెవికి కూడా తాళం వేసి తాళంచెవి తీసుకుపోయేవాళ్ళని ఏమనాలో తెలుగులో మాటలున్నాయి గానీ ఇక్కడ రాయకూడదు.

నేను చేసిపెడతానన్నాను. అప్పుడు వరాలమ్మ వంటింటి గుమ్మంలో నిలబడి అన్న మాట నాకు అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

"తమ్ముడా, ఈదిలో కబుర్లు ఆయనకి ఇనబడకపోతే మానీ. టీవీ ఇనబడకపోయినా పర్లేదు. నాను పిలిస్తే పలకాల. ఇంట్లో ఉన్నది మేమిద్దరం. నాకు అదొక్కటే కావాల."

అంత తేటగా పని అప్పజెప్పినవాళ్ళు నా జీవితంలో ఇంకెవరూ లేరు. నేను విన్నాను, తలూపాను, నాకు నచ్చిన పని చేశాను.

చొక్కా జేబులో పట్టే పెట్టె చేశాను. మైకు, ధ్వనిని పెంచే బోర్డు, చెవికి ఒక తీగ. సామాన్లన్నీ బజారులో దొరికేవే. సెక్టర్ 2లో మా పాత మిల్లువాళ్ళు సాయంత్రాలు చేరే చాయ్ బండి ఉంది. అక్కడికి తీసుకెళ్ళి బావ చెవిలో పెట్టాను. తరవాత మిగతావాళ్ళూ ఒకరి తరవాత ఒకరు పెట్టుకున్నారు. నేను ఎదురుగా కూర్చుని మామూలు గొంతుతో మాట్లాడాను. అందరూ జవాబు చెప్పారు.

"బెమ్మాండంగా ఇనబడతంది బావా," అన్నాడు అప్పలస్వామి. "ఆ కంపెనీ మిషనేటి, దీని ముందర బేకార్."

ఆ రాత్రికల్లా ఫైళ్ళన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేశాను. పరీక్ష అనే చోట 'మిల్లు కార్మికుల మీద పరీక్షించాం, అందరికీ వినబడింది' అని రాశాను. ఎక్కడెక్కడివాళ్ళో చేసుకున్నారు. ఒక పత్రికవాళ్ళు వచ్చి బావనీ నన్నూ పక్కపక్కన నిలబెట్టి ఫోటో తీశారు.

ఓ నెలకి కాబోలు, వరాలమ్మ అంది: "నాను పిలిస్తే పలకడం నేదు తమ్ముడా. నీతోటైతే బాగానే మాటాడతన్నాడు. నాతోటే ఏటో."

"బ్యాటరీ దిగిపోయుంటుందప్పా. చూసుకోమను," అన్నాను. ఇంకోసారి అంటే, "నువ్వే కొంచెం గట్టిగా పిలు," అన్నాను. మూడోసారి ఆవిడ అనలేదు.

చదవని ఉత్తరం

ఆ రోజుల్లోనే రాయపూర్ నుంచి ఒక టీచరమ్మ మెయిల్ రాసింది. చెవిటి పిల్లల బడిలో పనిచేస్తుందట. నా గీత చూసి పెట్టె చేసుకుందట. మర్యాదగా మూడు ప్రశ్నలు అడిగింది. మీరు పరీక్ష చేసినప్పుడు మాట్లాడేవారి మొహం వినేవారికి కనబడుతోందా? ఒక్క ఆడగొంతుతోనైనా పరీక్షించారా? పక్కగది నుంచి మాట్లాడి చూశారా? కింద ఏదో ఫైలు కూడా జతచేసింది.

నేను నవ్వుకున్నాను. బళ్ళో పిల్లలకి పాఠాలు చెప్పుకునే ఆవిడకి మిల్లు గురించి ఏం తెలుసు అనుకున్నాను. చాయ్ బండి దగ్గర బావకి చెప్తే ఆయనా నవ్వాడు. జవాబు రాయలేదు. ఫైలు తెరవలేదు.

మిల్లు గురించి తెలిసినవాడిని నేనే కదా, నాకు తట్టవలసిన సంగతి ఒకటుంది. రోలర్ల దగ్గర ఎవరి మాటా ఎవరికీ వినబడదు. మేమందరం పెదాలు చూసి మాట తెలుసుకుంటాం. నెత్తి మీద అరచెయ్యి పెడితే మేనేజరు వస్తున్నాడని, ముంజేతి మీద రెండు వేళ్ళు తడితే షిఫ్టు అయిపోవచ్చిందని. కొత్తగా చేరినవాడు ఏడాదిలో నేర్చేసుకుంటాడు, తరవాత తను మాట వింటున్నాడో చూస్తున్నాడో తనకే తెలియదు. ఉద్యోగమంతా పెదాలు చదివినవాళ్ళని ఎదురుగా కూర్చోబెట్టుకుని, వెలుతురులో, వినబడుతోందా అని అడిగాను. బ్రహ్మాండంగా వినబడుతోందన్నారు. వాళ్ళు అబద్ధం చెప్పలేదు. నేను పెట్టె తీసేసి అడిగినా అదే చెప్పేవాళ్ళు. ఇంత తెలివితక్కువ పరీక్ష భిలాయిలో మిల్లువాడు తప్ప ఇంకెవడూ చెయ్యలేడు.

పెట్టె చేసిందల్లా లావు ధ్వనులనే మరింత లావు చెయ్యడం. స్కూటర్ల మోత, చొక్కా గుడ్డ మైకుకి రాసుకునే బరబర, మగవాళ్ళ గొంతులు. వరాలమ్మ గొంతు ఆ నూతిలోంచి ఒక్క మెట్టు కూడా పైకి రాలేదు.

శనివారం

ఒక శనివారం పొద్దున్న పది గంటలప్పుడు వరాలమ్మ పెరటివైపు బాత్‌రూమ్‌లో జారి పడింది. తుంటి ఎముక విరిగింది. బావ ముందుగదిలో వీధివైపు తిరిగి పేపరు చదువుకుంటున్నాడు. జేబులో పెట్టె ఉంది, చెవిలో తీగ ఉంది. ఆవిడ పిలుస్తూనే ఉంది. చివరికి గోడవతల ఇంటి దీదీకి వినబడి, వీధి గుమ్మంలోంచి పరిగెత్తుకొచ్చింది. బావ ముందు నుంచే లోపలికి పోయింది. అప్పుడు కూడా ఆయన, ఏమైంది దీదీ అని ఆవిడనే అడిగాడట. గంటకు తక్కువ కాకుండా ఆ తడి నేల మీద పడి ఉందని తరవాత లెక్కతేలింది.

నేను ఆస్పత్రికి వెళ్ళేసరికి బావ బయట బెంచీ మీద ఉన్నాడు. జేబులోంచి పెట్టె తీసి నా చేతిలో పెట్టాడు.

"బేటరీ నిండుగానే ఉంది బావా," అన్నాడు. "పొద్దున్నే సూసుకున్నాను."

నన్ను తిట్టిన బాసులున్నారు, ఒకడు రేకు డబ్బా విసిరాడు. వాళ్ళెవరూ నన్ను ఇంతగా కొట్టలేదు. బ్యాటరీ అన్నది నేనే. ఆ పిచ్చి మనిషి నా మాట నమ్మి రోజూ బ్యాటరీ చూసుకున్నాడు.

లోపల వరాలమ్మ మంచం మీద ఉంది. నన్ను చూసి మొహం తిప్పుకుంటుందనుకున్నాను. తిప్పుకోలేదు.

"ఆయన్ని ఏటీ అనీకు తమ్ముడా," అంది. "ఇనబడితే వొచ్చీసును."

ఇంటికొచ్చి ఆ టీచరమ్మ మెయిల్ వెతికి తీశాను. జతచేసిన ఫైలు తెరిచాను. నా గీతే, దాని మీద ఆవిడ చేసిన మార్పులు. లావు ధ్వనులని తగ్గించి సన్నని వాటిని మాత్రమే పెంచే భాగం, హఠాత్తుగా పెద్ద చప్పుడొస్తే చెవికి దెబ్బ తగలకుండా అడ్డుకునే భాగం, మైకుని జేబులోంచి తీసి కాలరుకి పెట్టే పద్ధతి, ఎవరి గ్రాఫుకి తగ్గట్టు వారికి సరిచేసుకునే మరలు. అన్నీ ఉన్నాయి. నేను పెట్టిన షరతు ప్రకారం ఆవిడ తన మార్పుని దాచుకోలేదు, నేరుగా నాకే పంపింది. నెలల తరబడి అది నా దగ్గరే ఉంది. మా మేనేజరు బీరువాలో కనీసం భవనం ఫోటో ఉండేది. నేను ఏకంగా వరాలమ్మ తుంటి ఎముకని తాళం వేసి పెట్టుకున్నాను.

పిల్లలూ, ఇది మీరు గట్టిగా పట్టుకోవలసిన మాట. గీతలు పంచడం పెద్ద త్యాగమేమీ కాదు. అందులో బోలెడు పేరొస్తుంది, శాలువాలొస్తాయి. నీ గీత తప్పని చెప్పడానికి ఎవరికైనా వీలుండటం, చెప్తే నువ్వు చదవడం, అదీ ఈ పని. ఆ రెండో సగం చెయ్యనివాడు మసక ఫోటో పెట్టినవాడికంటే ప్రమాదం. మసక ఫోటోని చూసి ఎవడూ పెట్టె చేసుకోడు కదా.

మళ్ళీ మొదటి నుంచి

ముందుగా చేసిన పని, నా పేజీ మీద పైనే పెద్ద అక్షరాలతో రాయడం: ఈ పెట్టె నేను చెప్పిన పని చెయ్యదు, పరీక్ష తప్పు, తప్పు నాది, చేసుకున్నవాళ్ళు దీన్ని నమ్ముకుని ఇంట్లో మనిషిని ఒంటరిగా వదలకండి. జరిగింది కూడా రాశాను. వెంటనే స్టిక్కరు భక్తుల దగ్గర నుంచి ఫోన్లు. ఎందుకు సార్ అల్లరి, చప్పుడు కాకుండా కొత్త వెర్షన్ పెట్టేయండి, మీ బ్రాండ్ పాడవుతుంది అన్నారు. ముసలి ఎలక్ట్రీషియన్‌కి బ్రాండ్ ఏమిటో, అది పాడైతే ఏ దేశానికి నష్టమో నాకు తెలియలేదు. ఓపెన్ అంటూ సభల్లో గొంతు చించుకున్నవాళ్ళే తప్పు దగ్గరికి వచ్చేసరికి గరుకుకాగితం తీశారు.

తరవాత టీచరమ్మకి రాశాను. క్షమించమని రాయడానికి మూడు రోజులు పట్టింది. ఆవిడ ఒక్క దెప్పుమాట లేకుండా నాలుగు పేజీలు రాసింది, అన్నీ పని గురించే. ఆవిడ మార్పులతో కొత్త పెట్టె చేశాను. చెవి డాక్టరు దగ్గరికి బావని మళ్ళీ తీసుకెళ్ళి కొత్త గ్రాఫు తీయించి, దాని ప్రకారం మరలు తిప్పి సరిచేశాను.

పరీక్ష ఎలా చెయ్యాలో కూడా టీచరమ్మే చెప్పింది. వినేవాడు గోడవైపు తిరిగి కూర్చోవాలి. మాట్లాడేది ఆడమనిషి, వేరే గదిలోంచి, మామూలు గొంతుతో. ఒక్క అక్షరం తేడా ఉన్న చిన్న చిన్న మాటల జాబితా చదవాలి. వినేవాడు విన్నది తిరిగి చెప్పాలి.

వరాలమ్మ అప్పటికి ఆపరేషనై ఇంటికొచ్చి, వాకరు పట్టుకుని నాలుగడుగులు వేస్తోంది. వేరే ఎవరి చేతనైనా చదివిస్తానంటే ఒప్పుకోలేదు.

"నా గొంతు ఇనబడాల గాని ఊళ్ళోవోళ్ళ గొంతెందుకు?" అంది.

వంటింట్లో కుర్చీ మీద కూర్చోబెట్టి జాబితా చేతికిచ్చాను. బావని ముందుగదిలో గోడవైపు తిప్పి కూర్చోబెట్టాను. నేను మధ్యగదిలో కాగితం, పెన్సిలు పట్టుకుని నిలబడ్డాను, ఇద్దరూ నాకు వినబడేటట్టు.

"పాట," అంది వరాలమ్మ.

"పాట," అన్నాడు బావ గోడతో.

"పాక."

"పాత."

తప్పు పెట్టాను. ఇంకొన్ని మాటలు సాగాయి. ఒప్పులే ఎక్కువ. సగం జాబితా అయ్యాక వంటింట్లోంచి ఏమీ వినబడలేదు. తొంగి చూశాను. వరాలమ్మ జాబితా మడిచి ఒళ్ళో పెట్టుకుంది.

"ఏటైందప్పా?"

"ఈ మాటలు నానెప్పుడన్నా ఆయనతోటి అన్నానా తమ్ముడా? పాటా, పాకా," అంది. "నువ్వు అక్కడే ఉండు. నాను అంటాను."

తరవాత గొంతు పెంచకుండా, పొయ్యి దగ్గర నుంచి ఉప్పు అందుకోమన్నంత మామూలుగా అంది.

"ఇదిగో. పడిపోనాను. ఓపాలి ఇలా రా."

ముందుగదిలో కుర్చీ కిందపడిన చప్పుడైంది. బావ నన్ను ఒక తోపు తోసి మధ్యగది దాటేశాడు. చెవిలో తీగ ఊడి వేలాడుతోంది. వంటింట్లోకి వెళ్ళి చూస్తే ఆవిడ కుర్చీలో నిక్షేపంగా కూర్చుని ఉంది. పరీక్ష అని ఆయనకి అప్పుడు గుర్తొచ్చినట్టుంది. అయినా వెనక్కి రాలేదు. ఆవిడ ముందు నేల మీద కూలబడి రెండు చేతులతో ఆవిడ పాదాలు పట్టుకున్నాడు.

"ఆ రోజు ఇవే మాటలు," అంది వరాలమ్మ నాతో.

నా కాగితంలో ఆ మాటలకి గడి లేదు. అడుగున ఖాళీలో రాసుకున్నాను. ఇప్పుడు ఆ పెట్టె ఫైళ్ళు ఏ దేశంవాడు తెరిచినా పరీక్ష పద్ధతిలో ఆఖరి మెట్టు అదే కనబడుతుంది. ఇంట్లో ఆ మనిషిని ఎవరు పిలుస్తారో వాళ్ళనే అడగండి. కనబడని గది నుంచి, మామూలు గొంతుతో, పడిపోయాను రమ్మని అనమనండి. వినేవాడు వినబడుతోందంటే ఒప్పు పెట్టకండి. లేచి రావాలి.